పెద్దవాళ్లకు ఏ సాయం సరిపోతుంది? బెజవాడ, గుంటూరు ఇళ్ల లెక్క

నాన్న బాత్రూంలో జారిపడింది తెల్లవారుజామున నాలుగింటికి. గుంటూరు బ్రాడీపేట ఇంట్లో అమ్మ పోయాక ఒక్కరే ఉంటున్నారు. బాత్రూం తలుపుకి లోపల గడియ పెట్టుకున్నారు. ఆరున్నరకి పనమ్మాయి తన దగ్గరున్న తాళంతో వీధి తలుపు తీసుకుని లోపలికొస్తే మూలుగు వినిపించింది. వీధి చివర నుంచి వడ్రంగిని పిలుచుకొచ్చి తలుపు పగలగొట్టేసరికి ఏడు. నేను విజయవాడ సత్యనారాయణపురం నుంచి వెళ్లేసరికి ఎనిమిదింపావు. మణికట్టు విరిగింది, తలకు నాలుగు కుట్లు పడ్డాయి. మూడు గంటలు తడి నేల మీద పడి ఉన్నందుకు జ్వరం.

మేం ఏమీ ఏర్పాటు చేసుకోని వాళ్లం కాదు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. పెన్షనర్ల హెల్త్ కార్డు, బ్యాంకు కాగితాలు, పాత స్కానింగులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి ఉంచాం. ఆ ఫైలు బీరువాలో ఉంది. ఆయన బాత్రూంలో ఉన్నారు.

ఆ ఏడాది నాన్న ఆసుపత్రిలో ఉన్నది నాలుగు రోజులు. మిగతా 361 రోజులు ఇంట్లోనే. పెద్దవాళ్ల ఆరోగ్యం అనగానే అందరం ఆ నాలుగు రోజుల గురించే మాట్లాడుకుంటాం. ఏ కార్డు ఉంది, ఎన్ని లక్షలు వస్తాయి, ఏ ఆసుపత్రి మంచిది అని. కుటుంబాన్ని నలిపేసేది మాత్రం మిగతా రోజులే. అందుకే ఏ సాయాన్ని చూసినా నేను ముందు ఒకటి అడుగుతాను: ఇది ఆసుపత్రి రోజుకా, ఇంటి రోజుకా? ఒకదానికి పనికొచ్చేది రెండోదానికి దాదాపు పనికిరాదు.

మా ఇంట్లోనే రెండు రకాలూ ఉన్నాయి. నాన్నకు పెన్షను ఉంది, కార్డు ఉంది, పక్కన మనిషి లేరు. మా దగ్గరే ఉండే అత్తయ్యకు చుట్టూ అయిదుగురం ఉన్నాం, ఆమె పేరు మీద ఏ కార్డూ లేదు. షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఎవరో ఒకరికి నష్టం.

ఆసుపత్రి రోజుకు: ఏ కార్డు

70 నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుంచి ఉంది. ఏడాదికి 5 లక్షల దాకా నగదు కట్టకుండా వైద్యం. భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపే. షుగరు, బీపీ, గుండెజబ్బు ముందునుంచే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు ఇన్సూరెన్స్‌కీ దీనికీ ఉన్న అసలు తేడా అదే. ఆధార్ ఉంటే చాలు, ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లోనే తీసుకోవచ్చు. సందేహాలుంటే 14555.

దీనికి రెండు మెలికలు ఉన్నాయి. ఇప్పటికే ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉన్నవారు, అంటే మాజీ సైనికుల పథకమో ఉద్యోగుల పథకమో ఉన్నవారు, అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నవారు మాత్రం రెండూ ఉంచుకోవచ్చు. నాన్న విషయంలో పాత కార్డునే ఉంచేశాం, ఎందుకంటే పదేళ్లుగా ఆయన గుండె చూస్తున్న డాక్టరు ఉన్న ఆసుపత్రి ఆ జాబితాలోనే ఉంది. ఎన్ని లక్షలు ఇస్తారన్నదానికంటే మన డాక్టరు ఆ జాబితాలో ఉన్నాడా లేడా అన్నది ముందు చూడండి.

రెండో మెలిక మా అత్తయ్య దగ్గర తగిలింది. ఆమెకు నిజంగా 72. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1, వయసు 68. మన తల్లుల తరంలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు కదా! దిద్దించడానికి జనన ధ్రువపత్రమో, పాస్‌పోర్టో, పదో తరగతి సర్టిఫికెట్టో కావాలి. అత్తయ్య అయిదో తరగతితో చదువు మానేసింది. 'అయితే ఇంకో రెండేళ్లు నేను జబ్బు పడకూడదన్నమాట' అంటుంది. మీ ఇంట్లో 65 దాటినవాళ్లుంటే ఈ పూటే ఆధార్ తీసి ఆ తేదీ చూడండి. అవసరం పడ్డ రోజు చూసుకుంటే చేసేదేమీ ఉండదు.

తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు, 2007లో మొదలైనప్పటి పేరు అది. ఆసుపత్రిలో అడ్మిట్ కాకముందే ఆ కౌంటర్ దగ్గరకు వెళ్లి, ఈ ఆపరేషన్ జాబితాలో ఉందా, ఇవాళ మీరు ఈ పథకంలో చేస్తున్నారా అని రెండూ అడగండి. ప్రభుత్వం ఇవ్వాల్సిన బకాయిల గొడవ వచ్చినప్పుడల్లా కొన్ని ఆసుపత్రులు సేవలు ఆపేస్తుంటాయి. 'లిస్టులో ఉంది' అన్నంత మాత్రాన ఇవాళ చేస్తారని కాదు. 104కి ఫోన్ చేసినా చెబుతారు.

ప్రైవేటు పాలసీ సంగతి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న మాట పాతబడింది, 2024 ఏప్రిల్ నుంచి ఆ వయసు హద్దు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అయినా ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనే వీలు కంపెనీకి ఉంది, పైగా చాలా పాలసీల్లో బిల్లులో కొంత శాతం మనమే కట్టాలి. అత్తయ్యకు లెక్కవేసి చూస్తే మూడేళ్ల ప్రీమియంతో ఒక ఓ మోస్తరు ఆపరేషన్ అయిపోతుంది. ఆ డబ్బు విడిగా డిపాజిట్ వేశాం, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదని ఇంట్లో ఒప్పందం. ఇన్సూరెన్స్ లేని, 60 దాటిన తల్లిదండ్రుల వైద్యానికి పెట్టిన ఖర్చును పాత పద్ధతిలో ఇన్‌కమ్ టాక్స్ కట్టేవారు పన్ను పడే ఆదాయంలోంచి 50 వేల దాకా తగ్గించుకోవచ్చు. నోట్లు ఇస్తే చెల్లదు, ఫోన్‌పేనో కార్డో వాడండి.

ఈ కార్డులు ఎక్కువగా అడ్మిట్ అయితేనే పనికొస్తాయి. నెలనెలా బీపీ బిళ్లలకు, ఫిజియోథెరపీకి, ఇంట్లో మనిషికి పెద్దగా ఏమీ రాదు.

ఎక్కడికి తీసుకెళ్లాలి

తొందర లేని జబ్బుకు, ఏమిటో తేలని జబ్బుకు మా ఓటు మంగళగిరి ఎయిమ్స్‌కే. ఓపీ చీటీ 10 రూపాయలు. విజయవాడకీ గుంటూరుకీ మధ్య, హైవేకి దగ్గర్లోనే ఉంది. అయితే అది ఒక్క రోజులో తేలే పని కాదు. అత్తయ్యను మొదటిసారి ఆరింటికి ఇంట్లోంచి బయల్దేరదీస్తే తిరిగొచ్చేసరికి మూడయింది. అందులో డాక్టరు ముందు కూర్చున్నది పది నిమిషాలు, మిగతాదంతా బెంచీల మీద. ఫ్లాస్కులో మజ్జిగ, డబ్బాలో ఇడ్లీ తీసుకెళ్లబట్టి సరిపోయింది గాని, షుగరు మనిషికి అన్నివేళలా అలా కుదరదు. రెండోసారి ముందే ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, సగం భారం తగ్గింది. లోపల నడక ఎక్కువ, గేటు దగ్గరే వీల్‌చైర్ అడగండి. మొహమాటపడితే మోకాళ్లు మనవే.

పెద్దాసుపత్రి, అంటే గుంటూరు జీజీహెచ్, విజయవాడ జీజీహెచ్, ఖర్చు లేని చోటు. అక్కడ పెద్ద డాక్టర్లు లేరనుకోవడం పొరపాటు. మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రులవి. కాకపోతే రోగితో ఇద్దరు ఉండాలి. ఒకరు మంచం దగ్గర, ఒకరు చీటీలు పట్టుకుని తిరగడానికి. ఒక్క మనిషే ఉన్న ఇంటికి ఉచితం కూడా ఖరీదే అవుతుంది.

అర్ధరాత్రి అవసరానికి ఈ పోలికలేవీ పనికిరావు. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. అవి కనిపిస్తే, రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. సీటీ స్కాన్ తీశాకే ఆ ఇంజక్షన్ ఇస్తారు. కాబట్టి మీ ఇంటికి దగ్గర్లో రాత్రి రెండింటికి సీటీ స్కాన్ తీసి, ఆ ఇంజక్షన్ ఇవ్వగలిగే ఆసుపత్రి ఏదో పగలే వెళ్లి కనుక్కోండి. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట, ఎక్కడ చూసినా ఆసుపత్రి బోర్డులే. రాత్రి డాక్టరు ఉండేది అన్నిచోట్లా కాదు. మేం రెండు పేర్లు రాసుకుని ఫ్రిజ్ మీద అంటించాం, 108 కింద.

శుక్లాల ఆపరేషన్‌కు పెద్దగా ఆలోచించక్కర్లేదు. గుంటూరు వైపు పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ వైపు తాడిగడప ఎల్వీ ప్రసాద్. రెండుచోట్లా డబ్బులేనివారికి ఉచితంగా చేసే ఏర్పాటు ఉంది. బీపీ, షుగరు బిళ్లలు అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఉచితంగా ఇస్తారు, అత్తయ్యవి అక్కడే తెస్తాం. బ్రాండు మారినప్పుడు బిళ్ల రంగు మారుతుంది. అప్పుడు పాతదీ కొత్తదీ రెండూ వేసేసుకోకుండా చూసుకోవాలి.

ఇంటి రోజులకు: మనిషా, హోమా, పైపోర్షనా

నాన్న పడ్డాక కంగారులో మేం చేసిన మొదటి పని ఏజెన్సీకి ఫోన్ చేయడం. 24 గంటల మనిషి, నెలకు 21 వేలు, భోజనం మనది, మొదటి నెల ఏజెన్సీ ఫీజు అదనం. పంపింది పాతికేళ్ల కుర్రాణ్ని. మంచివాడే. వచ్చీరాగానే 'తాతా, చొక్కా విప్పు' అన్నాడు. ముప్పై ఏళ్లు ఊరంతా మాస్టారూ అని పిలిచిన మనిషి, ఏకవచనానికి ఆ పూట అన్నం తినలేదు. స్నానం నాలుగు రోజులు వాయిదా పడింది. చివరికి ఆ అబ్బాయిని పక్కకు పిలిచి 'మాస్టారూ, రండి' అని అనిపించాక గాని చొక్కా విప్పలేదు. మనిషిని పెట్టుకున్న మొదటి రోజు జీతం, సెలవుల కంటే ముందు చెప్పాల్సింది పిలుపు గురించి.

తర్వాత వచ్చిన ఇబ్బంది పెద్దది. నలభై రోజుల్లో ఆ ఏజెన్సీ ముగ్గుర్ని మార్చింది. మనుషులు మారిన ఒక రోజు ఉదయం బీపీ బిళ్ల రెండుసార్లు పడింది. పాతవాడు వేసి వెళ్లాడు, కొత్తవాడు వచ్చి మళ్లీ వేశాడు. మధ్యాహ్నానికి నాన్నకు కళ్లు తిరిగాయి. తప్పు ఏజెన్సీదే అని అరిచాను గాని, గోడ మీద ఒక కాగితం, పక్కన పెన్ను పెట్టి ఉంటే జరిగేది కాదు. ఇప్పుడు ఏడు గళ్ల బిళ్లల పెట్టె ఉంది. ఆదివారం సాయంత్రం నేనే నింపుతాను, గడి ఖాళీ అయితే వేసినట్టే.

మనిషిని వెతికే ముందు ఒకటి తేల్చుకోండి. మూత్రం గొట్టం, ముక్కులోంచి ఆహారపు గొట్టం, పడక పుండ్లు, ఇంజక్షన్లు ఉంటే నర్సింగ్ నేర్చినవాళ్లు కావాలి, ఖర్చు కూడా ఎక్కువే. స్నానం, అన్నం, నడిపించడం వరకే అయితే ఆయా చాలు. ఆయా పనికి నర్సు జీతం ఇస్తున్న ఇళ్లు నేను చూశాను. నర్సు చేయాల్సిన పని ఆయాతో చేయించి పుండ్లు తెచ్చుకున్న ఇల్లు కూడా చూశాను.

ఏజెన్సీతో విసిగి ఓల్డేజ్ హోమ్ చూశాం. మా తమ్ముడికి ఆ మాట అనడమే ఇష్టం లేదు. బెంగళూరులో ఉండి ఇష్టం లేదనడం తేలిక. నాన్నే 'పది రోజులు ఉండి చూస్తాను' అన్నారు. గుంటూరు ఊరి బయట, నెలకు 24 వేలు. బాగున్నవి చెబుతాను: బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు, మెట్లు లేని దారి, వారానికోసారి డాక్టరు, చదరంగం ఆడే ముగ్గురు. ఆయన ఇంట్లో ఉన్నప్పటికంటే అక్కడే ఎక్కువ మాట్లాడారు. బాగులేనివి నేను రాత్రి ఎనిమిదింటికి చెప్పకుండా వెళ్లినప్పుడు కనిపించాయి. అంతస్తు మొత్తానికి ఒక్కడే మనిషి. మంచం పక్కన బెల్లు ఉంది, పడుకున్నవాళ్లకు చెయ్యి అందని ఎత్తులో. సాయంత్రం ఆరున్నరకే భోజనం అయిపోతుంది. షుగరు ఉన్నవాళ్లకు తెల్లారేదాకా అది పెద్ద ఖాళీ.

హోమ్ చూడ్డానికి పదకొండింటికి వెళ్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. రాత్రి వెళ్లండి. ఇంకా ఇవి అడగండి: మంచాన పడితే ఉంచుకుంటారా, పంపించేస్తారా? ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు అంబులెన్సులో ఎవరు కూర్చుంటారు, సంతకం ఎవరు పెడతారు? డిపాజిట్‌లో ఎంత, ఎన్నాళ్లకు తిరిగిస్తారు? మొదటి ప్రశ్నకు నసిగితే అది హాస్టల్, హోమ్ కాదు.

చివరికి మేం చేసింది వేరే. బ్రాడీపేట ఇంటి పైపోర్షన్ ఖాళీగా ఉంది. 9 వేలు పలికే అద్దె 5 వేలకు తగ్గించి, ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే ఒక స్టాఫ్ నర్సు కుటుంబానికి ఇచ్చాం. రాత్రి తొమ్మిదికి, పొద్దున ఆరింటికి ఆమో ఆమె భర్తో కిందికి వచ్చి పలకరించి వెళ్లాలి, ఏదైనా ఉంటే నాకు ఫోన్ చేయాలి. ఇది కాగితం మీద రాసుకున్నాం. మొహమాటాల మీద వదిలేస్తే మూడో నెలకు మరిచిపోతారు. పగలు ఎనిమిది నుంచి అయిదు దాకా అదే వీధిలో ఉండే ఆవిడ, 11 వేలు. వదులుకున్న అద్దె కలుపుకున్నా నెలకు 15 వేలు.

ఇది అందరికీ చెప్పే ఉపాయం కాదు. నాన్న లేచి తిరుగుతున్నారు, మతి బాగుంది కాబట్టి కుదిరింది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను, గ్యాస్ కట్టేయడం మరిచిపోయేవాళ్లను, రాత్రి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లేవాళ్లను ఇలా వదలకూడదు. వాళ్లకు 24 గంటల మనిషో, రాత్రి సిబ్బంది సరిగా ఉన్న హోమో తప్పదు. ఆ రెండింట్లో అయితే నేను హోమ్ వైపే మొగ్గుతాను. ఒక్క మనిషి రోజూ 24 గంటలు మేలుకుని ఉండలేడు, మనం ఎంత జీతం ఇచ్చినా.

పొద్దుపోయే చోటు

దీన్ని సాయంగా ఎవరూ లెక్కించరు. అత్తయ్య సాయంత్రం అయిదింటికి విష్ణు సహస్రనామం చదివే ఆడవాళ్ల గుంపులో కూర్చుంటుంది. రెండు రోజులు వెళ్లకపోతే మూడో రోజు ఫోన్ వస్తుంది, 'ఏమ్మా, ఒంట్లో బాగాలేదా' అని. అంతకంటే మంచి హెల్త్ ప్రోగ్రాం నాకు తెలియదు, పైగా ఖర్చు ప్రసాదం వంతు మాత్రమే. నాన్నను బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియానికి నడకకు పంపిస్తే వారానికే మానేశారు. 'నడక తక్కువ, రాజకీయం ఎక్కువ' అన్నారు. అక్కడికి దగ్గరే వెంకటేశ్వరస్వామి గుడి దగ్గరున్న అన్నమయ్య గ్రంథాలయంలో మాత్రం కుదురుకున్నారు. మనిషిని బట్టి చోటు వెతకాలి గాని, చోటు ఉంది కదా అని మనిషిని తోయకూడదు.

డబ్బే అసలు కష్టమైతే

ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4 వేలు, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15 వేలు, దానికి వైద్య ధ్రువపత్రం కావాలి. చాలా ఇళ్లలో మంచాన పడ్డవాళ్లు ఇంకా వృద్ధాప్య పింఛనే తీసుకుంటున్నారు. సచివాలయంలో అడిగి మార్పించుకోవచ్చేమో చూడండి. నెలకు 15 వేల లోపు ఆదాయం ఉన్నవారికి వినికిడి యంత్రాలు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇచ్చే వయోశ్రీ పథకం 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. క్యాంపులు పెట్టినప్పుడే ఇస్తారు, పేరు ముందే రాయించాలి.

పిల్లలు చూడకపోతే, కొడితే, ఆస్తి రాయించుకుని బయటికి పంపితే 14567కి ఫోన్ చేయవచ్చు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, లాయరుతో పని లేదు. ఒక్క మాట మాత్రం ఆస్తి ఉన్నవాళ్లు వినాలి: పిల్లలకు ఇల్లు రాసిచ్చేటప్పుడు, నన్ను చూసుకోవాలి అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. అది ఉంటే తర్వాత రద్దు చేయించుకోవడం తేలిక.

నాన్న ఇంటికి పెట్టిన ఖర్చులన్నిటిలో చవకైంది 300 రూపాయలు. పగిలిన బాత్రూం తలుపు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగితోనే లోపలి గడియ తీయించేశాం. నాన్న మూడు రోజులు గొణిగారు. ఇప్పుడు లోపల ఉన్నట్టు గుర్తుగా తలుపు మీద పసుపు రంగు తువ్వాలు వేస్తారు. పొద్దున ఆరింటికి పైనుంచి దిగే నర్సమ్మ ముందు ఆ తువ్వాలు కోసమే చూస్తుంది.